చిత్రవిద్య నేర్పిన గ్రంథాలు

కొన్నేళ్ళ క్రిందట బాలల కార్యక్రమంలో మేమొక సాహసం చేసినాము. బొమ్మ గీయడం రేడియోలో నేర్పబూనినాము. “కాగితం ముందు పెట్టుకోండి. నడుమ ఒక అడ్డగీత గీయండి. ఆ గీత మీద ఒక చుక్క పెట్టండి. కాగితం అడుగున ఉన్న రెండు మూలలనుండి ఆ చుక్కకు రెండు గీతలు లాగండి. అదిగో, బాట తయారైనది. ఇక దానికి ఇరువైపులా చెట్లు నాటండి” అని చెప్పినాము. వారం తిరుగకముందే పిల్లల బొమ్మలు టపాలో వచ్చి బల్లమీద గుట్ట పడినవి. బాట ఇంచుమించు అందరికీ కుదిరినది. చెట్లు మాత్రం చాలామందికి కుదరలేదు. ఒక చిన్నది బొమ్మతోపాటు జాబు వ్రాసినది: “మీరు చెప్పినట్లే గీశాను. బాట మా ఊరి బాటలాగే వచ్చింది. కాని దూరపు చెట్టుకు ఆకులు ఎట్లా వేయాలో మీరు చెప్పలేదు.”

ఆ జాబుకు వెంటనే బదులు చెప్పలేకపోయినాము. చెప్పగలిగినదేదో చెప్పినాము, చెప్పలేనిది మిగిలిపోయినది. చేతితో చేయవలసిన పనిని మాటతో ఎంతవరకు నేర్పవచ్చును? ఈ ప్రశ్న రేడియోతో పుట్టినది కాదు. పనివాని చేతిలోని విద్యను గ్రంథంలోకి ఎక్కించబోయిన ప్రతివానికీ ఇది ఎదురైనది. ఐరోపాలో చిత్రవిద్యను గ్రంథస్థం చేసిన చరిత్రను చూచినప్పుడు మూడు కళలు మాకు ప్రత్యేకంగా కనిపించినవి. ఒకటి పర్‌స్పెక్టివ్, అనగా వస్తువు దూరం పోయినకొద్దీ చిన్నదిగా కనబడే తీరును లెక్కప్రకారం గీయడం. రెండవది గాజుమీద చిత్రలేఖనం. మూడవది క్రేయాను చిత్రం. మూడింటికీ గురువులున్నారు, మూడింటికీ గ్రంథాలున్నవి. కాని గ్రంథం మూడింటికీ ఒకే మేలు చేయలేదు.

ముందుగా గ్రంథాలు లేని కాలపు పద్ధతిని గుర్తు చేసుకొందాము. మధ్యయుగపు ఐరోపాలో చిత్రకారుడు కాదలచిన బాలుడు ఒక గురువు కార్ఖానాలో చేరేవాడు. సుమారు 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు తన పుస్తకంలో ఆ చదువుకు లెక్క చెప్పినాడు. చిన్న పలకమీద గీతలు దిద్దడానికి ఒక ఏడాది; రంగులు నూరడం, జిగురు కాచడం, పలకలు సిద్ధం చేయడం మొదలైన పనులకు ఆరేళ్ళు; రంగులు వేయడానికి మరి ఆరేళ్ళు. మొత్తం పదమూడేళ్ళు! ఆయన స్వయంగా పన్నెండేళ్ళు గురువు దగ్గర ఉన్నవాడు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి చెప్పినాడు. గురువు లేకుండ ఈ విద్య అబ్బినదని ఎవరైనా అంటే నమ్మవద్దన్నాడు. తన పుస్తకాన్నే రేయింబవళ్ళు చదివినా గురువు చెంత అభ్యాసం లేకపోతే లాభం లేదన్నాడు. నేర్పడానికి పుస్తకం వ్రాసినవాడే పుస్తకం చాలదని హెచ్చరించినాడన్న మాట.

చెన్నీని మాటను మొదట కాదనిపించినది పర్‌స్పెక్టివ్ విద్య.

15వ శతాబ్ది తొలి పాదంలో ఫ్లారెన్సు నగరంలో ఫిలిప్పో బ్రూనెల్లెస్కి అనే శిల్పి, వాస్తువిద్వాంసుడు ఒక వింత చూపినాడు. నగరంలోని ప్రధాన దేవాలయం వాకిట నిలిచి, ఎదుట ఉన్న జ్ఞానస్నాన మందిరాన్ని చిన్న పలకమీద చిత్రించినాడు. ఆకాశం ఉండవలసిన చోట రంగు వేయక, మెరుగుపెట్టిన వెండిరేకు పొదిగినాడు. పలకలో చిరుసెనగ గింజపాటి రంధ్రం చేసినాడు. చూచేవాడు పలక వెనుకవైపున కన్ను ఆనించి, రెండవ చేత అద్దం ఎదురుగా పట్టుకొని, అద్దంలో ఆ బొమ్మ ప్రతిబింబాన్ని చూడవలెను. అద్దం తీసివేస్తే ఎదుట నిజమైన మందిరం. అద్దం అడ్డుపెడితే చిత్రంలోని మందిరం. రెంటికీ తేడా తెలియరానంతగా కుదిరినవట. వెండిరేకులో నిజమైన మేఘాలు గాలివాటున కదలిపోతూ కనిపించేవట. ఆ పలకను తన చేతులతో పట్టుకొని చూచినానని ఆయన జీవితచరిత్ర వ్రాసిన మానెత్తి చెప్పినాడు. ఆ పలక నేడు లేదు. తాను దానిని ఎట్లా చేసినాడో బ్రూనెల్లెస్కి వ్రాసిపెట్టనూ లేదు.

వ్రాసినవాడు లియోన్ బతీస్త ఆల్‌బెర్తి. 1435లో లాటిన్ భాషలో చిత్రకళపై ఒక గ్రంథం రచించినాడు. ఆ వెంటనే దానిని జనభాషయైన ఇటాలియనులో వెలయించి బ్రూనెల్లెస్కికే అంకితమిచ్చినాడు. ఆయన చెప్పిన మార్గం ఇది. చిత్రం వేయదలచిన చోట నలుపలకల చట్రం గీయవలెను. అది ఒక కిటికీ అనుకోవలెను. దానిగుండా మనం లోకాన్ని చూస్తున్నాము. అందులో నిలిచిన మనిషి ఎంత ఎత్తు ఉండవలెనో నిర్ణయించి, ఆ ఎత్తును మూడు భాగాలు చేసి, ఒక భాగాన్ని కొలబద్దగా తీసుకొని అడుగుగీతను సమానంగా విభజించవలెను. మనిషి కంటి ఎత్తున ఒక బిందువు పెట్టి, అడుగుగీతమీది ప్రతి విభాగంనుండీ ఆ బిందువుకు గీత లాగవలెను. నేలమీద బండలు పరచిన వరుసలు దూరాన కలిసిపోయినట్లు కనబడుతవి. ఆ బిందువును నేడు లయబిందువు అంటున్నాము.

అంతవరకు సులభమే. అడ్డంగా పోయే గీతలు ఒకదానికొకటి ఎంత దగ్గర కావలెను? అదే చిక్కు. ఆనాటి పనివారు కొందరు ఒక వరుసకంటె తరువాతి వరుసను మూడోవంతు తగ్గిస్తూ పోయేవారు. అది గుడ్డిలెక్క అని ఆల్‌బెర్తి ఖండించినాడు. చూచేవాని కన్ను చిత్రానికి ఎంత దూరాన ఉన్నదో నిర్ణయించకుండ ఆ తగ్గుదల తేలదన్నాడు. వేరొక కాగితంమీద కంటిని, నేలను, నడుమ నిలిచిన చిత్రఫలకాన్ని ప్రక్కనుండి చూచినట్లు గీసి, కంటినుండి నేలమీది భాగాలకు పోయే గీతలు ఫలకాన్ని ఎక్కడెక్కడ ఖండిస్తవో గుర్తించితే ఆ ఎత్తులు దొరకుతవి. పని సరిగా వచ్చినదా లేదా అని చూచుకొనడానికి ఒక పరీక్ష కూడ చెప్పినాడు. బండలమీదుగా మూలనుండి మూలకు బద్ద పెట్టి చూస్తే, బండల మూలలన్నీ ఒకే సరళరేఖమీద పడవలెను.

మాకు ఆశ్చర్యం కలిగించిన విషయం వేరొకటి ఉన్నది. ఆల్‌బెర్తి ఇదంతయు బొమ్మ లేకుండ చెప్పినాడు. కేవలం మాటలు! రేడియోలో చెప్పినట్లే. అయినా చదివినవారికి అర్థమైనది, గీసినవారికి కుదిరినది. ఎందువల్లననగా ఇది గణితం. గణితానికి చేయి వాటంతో పని తక్కువ. ఒక మెట్టు తరువాత మరొక మెట్టు చెప్పుకొంటూ పోతే ఎంత దూరాన ఉన్నవానికైనా అందుతుంది.

అందినా, అందరికీ ఒకేసారి అందలేదు. పియేరో దెల్లా ఫ్రాంచెస్క 15వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ విద్యమీద మరింత విపులమైన గ్రంథం వ్రాసినాడు; మనిషి తలను కూడ బిందువు తరువాత బిందువుగా కొలిచి ఎట్లా గీయవలెనో పటాలతో చూపినాడు. కాని అది వ్రాతప్రతులలోనే ఉండిపోయి 1899లోగాని అచ్చుకాలేదు. 1506లో వెనిసులో ఉన్న జర్మను చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్, మిత్రునికి వ్రాసిన జాబులో, రహస్యమైన పర్‌స్పెక్టివ్ విద్య ఒకరు నేర్పుతామన్నారు, అందుకై బొలోన్యాకు గుర్రంమీద పోతున్నానని తెలిపినాడు. అప్పటికి ఆల్‌బెర్తి గ్రంథానికి డెబ్భై ఏళ్ళు నిండినవి. అంతకు ముందటి ఏడే, 1505లో, ఫ్రెంచివాడైన పెలెరాఁ ఈ విద్యపై తొలి అచ్చుపుస్తకాన్ని తూల్ పట్టణంలో వెలువరించినాడు. అయినప్పటికీ డ్యూరర్ వంటి మహాశిల్పికి అది ఊరు దాటిపోయి అడిగి తెలుసుకోవలసిన రహస్యమే.

ఆ రహస్యాన్ని తెలుసుకొన్నవాడు దాచుకోలేదు. 1525లో న్యూరెంబర్గులో డ్యూరర్ కొలతల విద్యపై జర్మను భాషలో పుస్తకం ప్రకటించినాడు. చిత్రకారులకే కాదు, కంసాలులు, శిల్పులు, రాతిపనివారు, వడ్రంగులు, కొలతతో పనిగల వారందరికీ అది ఉపయోగపడవలెనని ఆయన కోరిక. అందులో ఒక యంత్రం బొమ్మ ఉన్నది. గోడకు మేకు, అదే కన్ను. మేకునుండి ఒక దారం, చివర ఒక పుల్ల. నడుమ కొయ్యచట్రం, దానికి తలుపువలె తెరచి మూసే కాగితపు పలక. ఒకడు పుల్లతో బల్లమీది వీణవంటి వాద్యాన్ని ఒక్కొక్క చోట తాకుతాడు. రెండవవాడు దారం చట్రంలో ఏ చోటున పోతున్నదో కొలిచి, పలక మూసి కాగితంమీద చుక్క పెడుతాడు. చుక్కలు కలిపితే వాద్యం బొమ్మ. చిత్రకళ ఏమాత్రం తెలియని ఇద్దరు కలిసి గీయగల బొమ్మ!

రెండు వందల ఏళ్ళు గడిచేసరికి ఈ విద్య ఇంగ్లండులో పాఠంగా స్థిరపడినది. మన కళాశాల విద్యార్థులకు గణితంలో పరిచితుడైన బ్రూక్ టేలర్ 1715లో దీనిపై చిన్న పుస్తకం వ్రాసినాడు. అది గణితవేత్తలకు మెప్పు, చిత్రకారులకు గుదిబండ. 1754లో జాషువా కర్బీ దానిని సులభశైలిలో మళ్ళీ చెప్పినాడు. తరువాత మూడవ జార్జి రాజైన యువరాజుకు పర్‌స్పెక్టివ్ నేర్పినవాడు ఈ కర్బీయే. ఆ పుస్తకం ముఖచిత్రం హోగార్తు వేసినాడు. అందులో ఒక సత్రపు కిటికీనుండి ఒక స్త్రీ చేయి చాచి, దూరపు కొండమీది బాటసారి పొగగొట్టానికి కొవ్వొత్తితో నిప్పు అందిస్తున్నది! గొర్రెలు దూరం పోయినకొద్దీ పెద్దవవుతున్నవి. సత్రం ముందరి గుర్తుపలకను ఎక్కడో వెనుక ఉన్న చెట్లు కప్పుతున్నవి. నియమం తెలియకుండ గీస్తే లోకం ఇట్లా ఉంటుందని నవ్వించి నేర్పినాడు. మా పిల్లల జాబుల గుట్టలో ఇటువంటి చిత్రాలు కొన్ని లేకపోలేదు.

మహాచిత్రకారుడు టర్నర్ 1807లో లండన్ రాయల్ అకాడమీలో పర్‌స్పెక్టివ్ ఆచార్యుడైనాడు; ఉపన్యాసాలు 1811లో మొదలైనవి. ఆయన మాట తడబడేది, గొణిగినట్లుండేది. కాని గోడకు తగిలించిన పెద్ద పెద్ద పటాలు అద్భుతంగా ఉండేవి. చెవుడుగల స్టాథర్డ్ అనే చిత్రకారుడు తప్పక వచ్చేవాడట. వినబడకున్నా చూడవలసినది ఎంతో ఉన్నదని ఆయన సంతోషం. ఆల్‌బెర్తి బొమ్మ లేకుండ నేర్పినాడు, టర్నర్ మాట లేకుండ నేర్పినాడు. ఏదో ఒక దారిన ఈ విద్య అందుతూనే వచ్చినది.

గాజు చిత్రాల కథ అట్లా సాగలేదు.

ఐరోపాలోని ప్రాచీన దేవాలయాలలో రంగుగాజు కిటికీలు ప్రసిద్ధమైనవి. వాటిని చేసే విధం 12వ శతాబ్ది తొలిభాగంలోనే ఒక సన్యాసి పూసగ్రుచ్చినట్లు వ్రాసిపెట్టినాడు. ఆయన పేరు థియోఫిలస్. ఆయన గ్రంథంలో మూడు భాగాలు: చిత్రకారుని పని, గాజుపని, లోహపు పని. భగవంతుడు తనకు ఉచితంగా ఇచ్చిన విద్యను తానూ ఉచితంగా ఇస్తున్నానని, దాచుకొనడం తగదని పీఠికలో చెప్పినాడు.

గాజుకు రెండు పాళ్ళు బీచ్ కట్టెల బూడిద, ఒక పాలు శుభ్రమైన ఇసుక అన్నాడు. కిటికీ ఎంత ఉండవలెనో అంత కొయ్యపలక తీసుకొని, దానిమీద సుద్ద పూసి, బొమ్మను పూర్తి పరిమాణంలో గీయవలెను. ఏ ముక్క ఏ రంగో అక్షరంతో గుర్తు పెట్టవలెను. గాజుపలకను ఆ గీతలమీద పరచి, కాల్చిన ఇనుపకమ్మితో పగులదీసి, అంచులు కొరికి సరిచేయవలెను. ముఖం, మడతలు గీయడానికి కాల్చిన రాగిపొడి, ఆకుపచ్చ గాజు, నీలిగాజు కలిపి మెత్తగా నూరి, ద్రాక్షసారాతోగాని మూత్రంతోగాని తడిపి కుంచెతో వ్రాయవలెను. పుల్లలతో అల్లి మట్టి, పేడ మెత్తిన బట్టీలో కాల్చవలెను. కాలితే ఆ గీత గాజులో కలిసిపోయి వానకు, ఎండకు చెదరదు. తరువాత ముక్కలను సీసపు కమ్ములలో కూర్చి, అతుకులకు టంకం వేయవలెను. 14వ శతాబ్దిలో ఈ విధంగా సుద్ద పూసి గీతలు గీసిన పలకలు స్పెయినులోని హిరోనా పట్టణంలో మనకాలం వరకు మిగిలినవి. అందుచేత థియోఫిలస్ చెప్పినది ఊహ కాదు, పని జరిగిన తీరేనని తెలుస్తున్నది.

ఇంత స్పష్టంగా వ్రాసి ఉన్నా ఆ కళ చేజారినది. 16వ శతాబ్దిలో మతసంస్కరణల తాకిడికి చాలాచోట్ల కిటికీలు పగిలినవి, కొత్తవాటికి గిరాకీ తగ్గినది. గాజుముక్కకే రంగు ఉండే పద్ధతి పోయి, తెల్లగాజుమీద రంగులు పూసి కాల్చే పద్ధతి వచ్చినది. 1630 తరువాత యుద్ధాలలో ఫ్రాన్సు సరిహద్దులోని లొరేను గాజుబట్టీలు నాశనమైనవి. పనివారు వేరే బ్రతుకుతెరువులు చూచుకొన్నారు. కొడుకులు నేర్చుకొనడం మానినారు.

పారిస్ నగరంలో పియేర్ లె వియ్యెల్ అనే గాజుపనివాడు ఉండేవాడు. తరతరాలుగా ఆ వృత్తిలో ఉన్న కుటుంబం. 18వ శతాబ్ది మధ్యభాగంలో నోత్రదాం దేవాలయం లోపల వెలుతురు చాలదని పెద్దలు తలచినారు. ప్రాచీనమైన రంగుకిటికీలు తీసి తెల్లగాజు బిగించే పని లె వియ్యెల్ కుటుంబానికే అప్పగించినారు. వారు అట్లే చేసినారు. చక్రాలవంటి మూడు పెద్ద గుండ్రని కిటికీలు మాత్రం మిగిలినవి. 2019 నాటి అగ్నిప్రమాదాన్ని కూడ అవి తట్టుకొన్నవి. ఆ లె వియ్యెలే తన కళ అంతరించిపోతున్నదని బాధపడి, తెలిసినదంతయు ఒక పెద్ద గ్రంథంగా వ్రాసినాడు. తన చేతులతో దించిన కిటికీలను అందులో వర్ణించినాడు. ఆయన 1772లో కన్నుమూసినాడు. గ్రంథం 1774లో వెలువడినది. ఒక చేత్తో కిటికీ దించి, రెండవ చేత్తో దాని సంగతి వ్రాసిన మనిషి! అతనిని తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు. అడిగినవారు తెల్లగాజు అడిగినారు. ఇంట్లో పొయ్యి వెలగవలెను.

అదే 1774లో మరొక విచిత్రం జరిగినది. జర్మనీలోని వూల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయానికి అధికారియైన కవి లెస్సింగ్, అక్కడ ఉన్న థియోఫిలస్ వ్రాతప్రతిని గుర్తించి దానిని గురించి ప్రకటించినాడు. ఆరున్నర శతాబ్దాల నాటి గురువు గొంతు మళ్ళీ వినబడినది. కాని వినేవారి చేతులకు పని తెలియదు. “తగినంత కాల్చుము” అని గ్రంథం అంటే ఎంత తగినంత? బట్టీ ముందు నిలిచి మంట రంగు చూచి చెప్పే మేస్త్రీ లేడు.

ఆ పోయిన తీగను మళ్ళీ అందుకొనడానికి చార్లెస్ విన్‌స్టన్ అనే ఇంగ్లీషు న్యాయవాది పూనుకొన్నాడు. సెలవు దొరికినప్పుడెల్లా పాత కిటికీలకు నకళ్ళు వ్రాసుకొనేవాడు. 1847లో తన పరిశోధనను ప్రకటిస్తూ థియోఫిలస్ గాజుభాగాన్ని ఇంగ్లీషులో అనుబంధించినాడు. కొత్త గాజు మరీ పలుచనై, మరీ నిర్మలమై, పాతగాజు వెలుగును ఇవ్వడం లేదని గమనించి, పాత ముక్కలను రసాయన శాస్త్రజ్ఞునిచేత పరీక్ష చేయించినాడు. లండనులో పవెల్ వారి గాజు కార్ఖానా ఆ ఫలితాలనుబట్టి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి పాతరకం గాజు తీసినది. చూడండి: గ్రంథం ఒక్కటే చాలలేదు, పాతగాజు, ప్రయోగశాల, బట్టీ అన్నీ కావలసివచ్చినవి. అయితే గ్రంథమే లేకపోతే వెదకడం ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలిసేదికాదు.

గాజుమీద చిత్రానికి కాల్పు లేని ఇంటిపని రూపం కూడ ఒకటి ఉన్నది. 18వ శతాబ్దిలో ఇంగ్లండు గృహిణులు, యువతులు దానిని పుస్తకాలు చూచి నేర్చుకొన్నారు. అచ్చుచిత్రాన్ని నీటిలో నానబెట్టి, జిగురుపూసిన గాజుకు బోర్లించి అంటించి, ఆరిన తరువాత కాగితాన్ని వ్రేళ్ళతో మెల్లగా రుద్ది తీసివేస్తే సిరాగీతలు గాజుకు నిలుస్తవి. వెనుకవైపునుండి రంగులు పూస్తే ముందువైపు నిగనిగలాడే చిత్రం. వెనుకనుండి వ్రాసే ఈ గాజు చిత్రకళ చైనా మీదుగా మన దేశానికీ వచ్చినది. తంజావూరులో దేవతా పటాలై ఇంటింటి పూజగదిలో వెలసినది. అక్కడి చిత్రకారులలో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలవారు ప్రసిద్ధులు. ఇందులో పని తలక్రిందులు. మామూలు చిత్రంలో చివర వేసే కంటిపాప, నగల మెరుగు ఇక్కడ మొదట వేయవలెను. మొదట వేసే వెనుకరంగు చివర వేయవలెను. ఒకసారి వేసినది దిద్దుకొనడానికి వీలులేదు. తండ్రి ప్రక్కన కూర్చొని చూచిన కొడుకుకు ఇది అలవాటుగా వచ్చేది.

మూడవది క్రేయాను. నేటి పిల్లల పెట్టెలో ఉండే మైనపు పుల్లలు కావు ఇవి. 18వ శతాబ్దిలో క్రేయాను అంటే రంగుపొడిని తెల్లమట్టితోనో సుద్దతోనో కలిపి, పలుచని బంకనీటితో ముద్దచేసి, పుల్లలుగా చుట్టి ఆరబెట్టినది. పేస్టల్ అన్నా ఇదే. నూనె లేదు, ఆరేవరకు వేచి ఉండవలసిన పని లేదు. వెనిసు చిత్రకారిణి రొజాల్బ కార్రియేర 1720లో పారిసుకు వచ్చి ఈ పుల్లలతో వేసిన రూపచిత్రాలు నగరాన్ని ముగ్ధం చేసినవి. ఆ ఏడే ఫ్రెంచి అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకొన్నది. ముదిమిలో ఆమె చూపు పోయినది.

ఇక్కడ కూడ రహస్యాల బెడద ఉన్నది. క్రేయాను చిత్రం తాకితే చెదరిపోతుంది. దానిని నిలిపే మందు అందరికీ కావలెను. ఫ్రాన్సులో లోరియో అనే యంత్రశిల్పి 1753లో తనకు ఆ మందు తెలుసునని అకాడమీ ముందు చూపినాడు. ఏమిటో మాత్రం చెప్పలేదు. 1780లో బయటపెట్టేవరకు ఇరవైయేడేళ్ళు దాచినాడు. తీరా అది చేపజిగురు నీరు, సారాయి కలిపి కుంచెతో తుంపరలుగా చల్లడమే! ఈ లోపల ఎందరి చిత్రాలు రాలిపోయినవో! క్రేయాను చిత్రకారులలో అగ్రగణ్యుడైన లతూర్ మాత్రం వేరు దారి త్రొక్కినాడు. తాను గడించిన ధనంతో 1782లో తన స్వగ్రామమైన సెయింట్ క్వెంటిను పట్టణంలో ఉచిత చిత్రలేఖన పాఠశాల నెలకొల్పినాడు.

ఇంగ్లండులో జాన్ రస్సెల్ 1772లో క్రేయాను చిత్రణపై చక్కని పాఠ్యపుస్తకం వ్రాసినాడు. కాగితం నీలిరంగుది కావలెను. గుడ్డకు అంటించి బిగించవలెను. పుల్లలు స్వయంగా చేసుకొనవలెను, ఏలననగా రంగులన్నిటి స్వభావం ఒకటి కాదు. కొన్ని ఆరితే రాయివలె బిగిసి కాగితాన్ని గీరుతవి, కొన్ని పిండివలె రాలుతవి. దేనికి ఎంత బంక, దేనికి ఏ ద్రవం అన్నది ఆయన వివరంగా చెప్పినాడు. కాగితంమీద రంగు పెట్టిన తరువాత వ్రేలికొసతో ఒక రంగును ఇంకొకదానిలోకి కలపవలెనని చెప్పినాడు. ఇక్కడికి వచ్చేసరికి ఆ పుస్తకం కూడ మా బాలల కార్యక్రమంవలె ఆగిపోయినది. వ్రేలు ఎంత బరువుగా ఆనవలెను? ఎక్కడ ఆపవలెను? అది అచ్చులో చెప్పడానికి అలవి కాదు. ఆయన వ్రేళ్ళకు ఆ నేర్పు ఎంత ఉన్నదో ఆయన వ్రాసిన చంద్రబింబం చూస్తే తెలుస్తుంది. ఎన్నో ఏళ్ళు దూరదర్శినితో చంద్రుని పరిశీలించి, 1795లో క్రేయానుతో గొప్ప చంద్రచిత్రం వేసినాడు. వెలుగు చీకటిలోకి జారే ఆ అంచును చూపడానికి ఆయనకు రంగుసుద్ద, వ్రేలికొస చాలినవి.

ఈ విద్యలు మన దేశంలో పాఠశాలల కెక్కిన కథ కూడ ఒక మాట చెప్పుకొనవలెను. చూపును బట్టి అవయవాలు తగ్గుట, పెరుగుట అన్న భావన మనకు కొత్త కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం దానిని క్షయవృద్ధులన్నది, శరీరం నిలిచే భంగిమలు తొమ్మిదింటిని చెప్పినది. కాని ఒకే బిందువును నమ్ముకొన్న కొలతల పాఠం పాశ్చాత్యులతో వచ్చినది. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు చిత్రకళాశాల నెలకొల్పినాడు. తరువాత ప్రభుత్వం దానిని చేపట్టినది. అటువంటి కళాశాలలలో శిక్షణ పొందినవారు మన ఉన్నత పాఠశాలలకు డ్రాయింగు మాష్టర్లై వచ్చి, నల్లబల్లమీద రైలుపట్టాలను ఒక చుక్కలో కలిపి చూపినారు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు, అక్కడి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, ఆ కొలతలను నేర్చి, తిరిగివచ్చి తెలుగు మనుషులను, తెలుగు నేలను చిత్రించినాడు. 1925లో ఇరవైయేడేళ్ళకే మరణించిన ఆయన, తన ఊరిలో శిష్యులను మాత్రం తయారుచేసి పోయినాడు.

మన ఇంటిముంగిట మరొక ఉదాహరణ ఉన్నది. శ్రీకాళహస్తి కలంకారీ పని ఇరవయ్యో శతాబ్ది మధ్యకు వచ్చేసరికి కొడిగట్టినది. పని తెలిసినవారు వ్రేళ్ళమీద లెక్కించదగినంతమందే మిగిలినారు. 1950ల చివర, కమలాదేవి చట్టోపాధ్యాయ వంటి వారి పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం వెలసినది. తెలిసిన పెద్ద చేత కొత్తవారికి నేర్పించినారు. కరక్కాయ నీటిలో గుడ్డ ఎంతసేపు తడవవలెనో, కలంనుండి కసీము ఎంత జారవలెనో ఆ పెద్దచేతిని చూచి నేర్చుకొన్నారు. ఇంకొక తరం ఆలస్యమైయుంటే మనకూ ఒక విన్‌స్టన్ కావలసివచ్చేవాడు.

కాబట్టి చెన్నీని మాట మూడు పాళ్ళలో రెండు పాళ్ళు నిజం. లెక్కగా ఉన్న విద్యను గ్రంథం పూర్తిగా మోసుకుపోగలదు. క్రేయాను వంటి విద్యను సగందాకా మోసి, మిగిలిన సగం వ్రేళ్ళకు వదలుతుంది. బట్టీ విద్యకు గ్రంథం విత్తనం వంటిది. నేల, నీరు దొరికేవరకు వందల ఏళ్ళైనా ఓర్చుకొని ఉంటుంది గాని, తానై మొలవలేదు. వ్రాసిపెట్టడం ఒక ధర్మం, శిష్యుణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొనడం మరొక ధర్మం. ఒకదానికి మరొకటి బదులు కాదు. మీ ఇంట కుట్టుపని, ముగ్గు, నేత, కొయ్యపని ఏది తెలిసిన పెద్దలున్నా ఈ రెండు పనులూ చేయించుకొనడానికి ఇంకా వ్యవధి ఉన్నది.

ఆ చిన్నదానికి చివరకు మేము వ్రాసిన బదులు ఇది: “అమ్మాయీ, దూరపు చెట్టుకు ఆకులు వేయనక్కరలేదు, రంగు మచ్చ చాలును. ఎంత మచ్చ అన్నది మేము చెప్పలేము. మీ ఊరిలో బొమ్మలు వేసేవారు ఎవరైనా ఉంటే, ఒక సాయంకాలం వారి ప్రక్కన కూర్చొని చూడు.”